గాలిబీబీని ముంచొద్దు

జువ్వలదిన్నె,
22 ఏప్రిల్ 2025

మా చెల్లెలి మనవరాలు సాహిరాకు, పెద్దవ్వ మస్తాన్‌బీ సలాములు చెప్పి రాయించేది.

ఇక్కడ అందరం బాగున్నాము. నువ్వు బాగున్నావో లేదో చివర్లో అడుగుతాను. ముందు నా దావా విను.

ఫోన్ చెయ్యకుండా ఉత్తరం ఏమిటని నవ్వుతావు. ఈ ఇంట్లో ఉన్న ఒక్క ఫోను నా కూతురు, మీ జబీనా పిన్ని చేతిలో ఉంటుంది. ఈ సంగతి దాని చెవిన పడకూడదు. పైగా ఫోన్లో నువ్వు ఊఁ ఊఁ అంటావు, తర్వాత సిగ్నల్ పోయిందంటావు. కాగితానికి సిగ్నల్ పోదు. రాస్తున్నది పక్కింటి పద్మనాభయ్య గారు, పోస్టుమాస్టరుగా చేసి రిటైరయిన మనిషి. నేను తిట్టినచోట ఆయన 'దయచేసి' అని రాస్తాడేమోనని నా అనుమానం. అందుకని ప్రతి ముక్కా తిరిగి చదివించుకుంటున్నాను.

సంగతి ఏమంటే, నీ 'గాలిబీబీ' మొదటి భాగం మన పడవల షెడ్డులో చదవడం అయిపోయింది. వేట నిషేధం పెట్టారు కదా, పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి, మగవాళ్ళకు వలలు బాగుచేసుకోవడం తప్ప పని లేదు. ఆ వలలేవో తెచ్చుకుని మన షెడ్డు నీడలో కూర్చుంటున్నారు. పద్మనాభయ్య గారు గట్టిగా చదువుతారు. దొంగల ఓడ తరుముకొచ్చే చోట ఒక్కడి చెయ్యీ కదల్లేదు. నీ కెప్టెన్ యాసీన్ అంటే కుర్రాళ్ళకు పిచ్చి పట్టింది. కానీ పెద్దవాళ్ళ ప్రాణమంతా ఆ పడవ మీదే ఉంది. చుక్కాని తిప్పితే ముందు ఎదురుతిరిగి, ఆ తర్వాత తనకు తోచినప్పుడు సరైన దారిలో పోయే పడవ. దాన్ని చేసిన బాషా మేస్త్రి మీ పెద్దతాత బడేసాహెబేనని నువ్వు చెప్పకపోయినా అందరూ కనిపెట్టేశారు. పెన్సిలు చెవి మీద పెట్టుకుని ఆ పెన్సిలు కోసమే షెడ్డంతా వెతికే మేస్త్రి ఈ తీరంలో ఇంకొకడు పుట్టలేదు.

ఇప్పుడు అసలు సంగతి. మీ పెద్దతాత పోయాక ఆయన పని అందుకున్న జబీనాకు రిపేర్లు తప్ప కొత్త పడవ ఎవరూ ఇవ్వలేదు. ఇచ్చిన మొదటివాడు పెంచలకృష్ణ. ఫైబర్ పడవే, కానీ దాని అచ్చు మీ పెద్దతాత చెక్కతో చేసిన పడవ నుంచి తీసింది. పెంచలకృష్ణ పెళ్ళాం చెంచమ్మ నీ పుస్తకం విని, పడవకు గాలిబీబీ అనే పేరే పెట్టాలని పట్టుబట్టింది. పెయింటరు వచ్చి పడవ ముందు భాగాన రెండు వైపులా రాసి పోయాడు కూడా. నీలం మీద పసుపు. నిషేధం ఎత్తేసిన రోజు నీళ్ళకు దించుతారు.

నువ్వేమో మొదటి భాగం తుఫాను మధ్యలో ఆపి కూర్చున్నావు. రెండో భాగం జూన్‌లో అని వెనక అట్ట మీద వేశావట. కాబట్టి నా మాట ఇది. గాలిబీబీ ఒడ్డుకు రావాలి. చుక్కాని విరిగితే విరగనీ. యాసీన్ చెయ్యి విరిగినా నాకు అభ్యంతరం లేదు. పడవ మాత్రం రావాలి. మునిగిన పడవ పేరు పెట్టుకున్న పడవను ఎవరూ ఎక్కరు. ఎక్కకపోతే ఆ తప్పు పుస్తకానిదని కూడా ఎవరూ అనరు. ఆడది చేసిన పడవ, అందుకని అంటారు.

ఇంకో చిక్కు ఉంది. పడవ చేసినవాళ్ళు మొదటి రోజు దాంట్లో ఎక్కి అడుగున కూర్చోవాలి. మీ పెద్దతాత పెట్టిన పద్ధతి. జబీనా ఎక్కుతుంది కదా అని పెంచలకృష్ణను అడిగితే "చూద్దాంలే పెద్దమ్మా" అన్నాడు. ఆ చూద్దాంలే నాకు నచ్చలేదు. అది నేను చూసుకుంటాను. పుస్తకం సంగతి నువ్వు చూసుకో.

ఇప్పుడు అడుగుతున్నాను. బాగున్నావా?

మస్తాన్‌బీ వేలిముద్ర


విజయవాడ,
2 మే 2025

పెద్దవ్వకు సాహిరా సలాం. పద్మనాభయ్య గారికి నమస్కారాలు. సార్, తర్వాతి పేరా కొంచెం నెమ్మదిగా చదవండి. పక్కన మంచినీళ్ళు పెట్టుకోండి, మీకు కాదు, అవ్వకు.

అవ్వా, గాలిబీబీ రెండో భాగంలో మునిగిపోతుంది. రాయడం ఎప్పుడో అయిపోయింది. చివరి తుఫానులో పలకలు ఒక్కొక్కటే విడిపోతాయి. అయినా పోతూ పోతూ దొంగల ఓడను కూడా తనతో లాక్కుపోతుంది. నా మటుకు నేను ఆ అధ్యాయం రాసి రెండు రోజులు అన్నం తినలేదు. అంత పౌరుషం ఉన్న పడవ మామూలుగా రేవుకు వచ్చి, లంగరు వేసుకుని, ఎండలో ఆరుతూ కూర్చుంటే కథ చప్పబడిపోతుంది.

నీకు కోపం ఎందుకొచ్చిందో నాకు తెలుసు. ఆ పడవకు నీ గుణం పెట్టానని కనిపెట్టేశావు. చిన్నప్పుడు నీ దగ్గర వేసవులు గడిపిన పిల్లను, ఇంకెవరి గుణం పెడతాను? మునిగేది నువ్వు కాదు అవ్వా. అది కథ. శకునం మంచిది కాదని మీ వాళ్ళు భయపడితే పేరు మార్పించెయ్యి. పెయింటే కదా, ఎంతసేపు?

చేసినవాళ్ళు మొదటి రోజు ఎక్కాలనే పద్ధతి నాకు తెలియదు. నా పుస్తకంలో ఆ రోజు బాషా మేస్త్రికి జ్వరం తెప్పించి ఒడ్డునే పడుకోబెట్టాను. పడవ మీద యాసీన్ ఒక్కడే కనిపించాలని.

నేను బాగున్నాను. చివరి ప్రూఫులు దిద్దుతున్నాను. పిన్నికి ఏమీ చెప్పనులే.

నీ సాహిరా


జువ్వలదిన్నె,
10 మే 2025

సాహిరాకు మస్తాన్‌బీ రాయించేది.

సలాము కూడా చెప్పకూడదనుకున్నాను. పద్మనాభయ్య గారు ఉత్తరం అలా మొదలుపెట్టకూడదన్నారు. సరే, సలాం.

నీకు నా దావా అర్థం కాలేదు. ఇది శకునాల గొడవ అనుకున్నావు. నా గుణం గొడవ అనుకున్నావు. నా గుణం నీ పడవకు పెట్టుకో, నీ కెప్టెన్‌కు పెట్టుకో, నాకేం అరగదు. కానీ పలకలు విడిపోతాయని రాసినావే, ఎవరి పలకలవి? బాషా మేస్త్రి బడేసాహెబని ఊరికంతా తెలిశాక, ఆ పలకలు బడేసాహెబ్ పలకలు. ఆయన చేసిన పడవలు పాతబడి పొయ్యిలోకి పోయినాయి. ఓడలు గుద్ది పోయినాయి. ఇసుకలో దిగబడి పోయినాయి. అతుకు దగ్గర విడిచి మాత్రం ఒక్కటీ పోలేదు. ఇప్పుడు ఆయన అచ్చులోనే జబీనా పడవ చేస్తున్నది. నువ్వు ఊడదీసేది ఆయన పలకలు, పడిపోయేది దాని పేరు.

మొదటి రోజు ఎక్కడం అంటే ఏమిటో నీకు ఎవరూ చెప్పలేదు కాబట్టి చెబుతున్నాను. పడవ నీళ్ళలో పడ్డాక అందరూ ముందుకు చూస్తారు. చేసినవాడు చూసేది కిందికి. అడుగు బల్లల కింద తడి కనిపిస్తే వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంటాడు. ఒకసారి ఇట్లాగే పడవ బయలుదేరిన కాసేపటికి అడుగున నీళ్ళు కదిలాయి. పడవ ఆసామి మొహం తెల్లబోయింది. ఒకడు అప్పుడే దూకడానికి చొక్కా విప్పుతున్నాడట. మీ పెద్దతాత రుచి చూసి, "మీ తాగేనీళ్ళ బిందె దొర్లిందబ్బాయా, ఇంకా మంచినీళ్ళు కావాలంటే ఎనక్కి తిప్పాల" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వు కోసమే ఎక్కాలి. చేసిన మనిషి కింద కూర్చుని ఉంటే పైన ఉన్నవాళ్ళకు ధైర్యం.

ఇక్కడ పని చెడుతున్నది. మొదటి వేటకు ఆడమనిషి ఎక్కడం తమలో లేదని పెంచలకృష్ణ మనుషులు అంటున్నారట. నా మొహం మీద అనరు, టీ బంకు దగ్గర అంటారు. మునిగే సంగతి ఇంకా ఎవరికీ తెలియదు. పద్మనాభయ్య గారి చేత ఒట్టు వేయించుకున్నాను. తెలిస్తే ఆ పడవ షెడ్డులోనే ఉండిపోతుంది.

పెయింటు ఎంతసేపు అన్నావు. నీకు కలం ఎంతసేపు? పడవను ఒడ్డుకు తీసుకురా. లేకపోతే నేనే విజయవాడ వచ్చి మీ అచ్చాఫీసు గుమ్మంలో కూర్చుంటాను. నా మందుల సంచీ, చాపా తెచ్చుకుంటాను.

మస్తాన్‌బీ వేలిముద్ర, గట్టిగా వేసింది


జువ్వలదిన్నె,
26 మే 2025

సాహిరాకు పెద్దవ్వ సలాం, ముద్దులు.

నీ జవాబు రాలేదు. రాకపోవడమే మంచిదయింది. నా మాట మారింది. పడవను ముంచెయ్యి.

జరిగింది చెబుతాను. నిన్న షెడ్డులో అందరూ ఉండగా చెంచమ్మ పద్మనాభయ్య గారిని సూటిగా అడిగింది, రెండో భాగంలో మన పడవ వస్తుందా రాదా, మీరు పెద్దమ్మ మనవరాలికి ఉత్తరాలు రాస్తున్నారంట కదా అని. ఆయన రేకుల కప్పు వంక చూశారు. జీవితంలో అబద్ధం చెప్పి ఎరగని మనిషికి ఒట్టు వేయించడం నాదే పొరపాటు. ఈ ముక్క ఆయన రాయనన్నారు. రాయించాను. ఇక దాచి లాభం లేదని నీ ఉత్తరం అందరి ముందూ చదివించేశాను.

జబీనాకు అప్పుడే తెలిసింది. అది చేతిలో బ్రష్షు కింద పెట్టి, పోయి పడవలో అడుగున కూర్చుంది. పెంచలకృష్ణ పేరు గీకించేద్దామన్నాడు. పేరు గీకిస్తే సరిపోతుందా, పడవే వద్దని ఒకడు గొణిగాడు. పెంచలకృష్ణ మనుషుల్లోకి పెద్దవాడు ఓబయ్య. ఎప్పుడూ నోరు విప్పడు. ఆయన వల పక్కన పెట్టి అడిగాడు.

"అయ్యోరా, పుస్తకంలో ఆ పడవ మొదటి రోజు నీళ్ళకు పోయినప్పుడు మేస్త్రి యాడుండాడు?"

పద్మనాభయ్య గారు మొదటి భాగం తిరగేసి చదివారు. జ్వరం, దుప్పటి కప్పుకుని ఒడ్డున ఉన్నాడు.

నాకు అంతకంటే ఏం కావాలి? లేచి నిలబడ్డాను. "విన్నారు గదా. చేసినోడు ఎక్కని పడవ ఏమవుతుందో నా మనవరాలు రాసి చూపించింది. ఇప్పుడు మీరే చెప్పండబ్బాయా, జబీనా ఎక్కాల్నా, ఎక్కొద్దా?" అన్నాను.

పెంచలకృష్ణ పెళ్ళాం వైపు చూశాడు. చెంచమ్మ, "ఆ యమ్మ ఎక్కకపోతే నువ్వూ ఎక్కబాక" అంది. అక్కడితో తేలిపోయింది. జబీనా ఎక్కుతుంది, పేరు అట్లాగే ఉంటుంది.

కాబట్టి నువ్వు రాసింది రాసినట్టే ఉండనీ. పలకలు కూడా విడిపోనీ, మీ పెద్దతాతకు నేను జవాబు చెప్పుకుంటాను. మేస్త్రిని ఒడ్డున వదిలేసిన పడవ క్షేమంగా ఇంటికి వచ్చిందంటే మాత్రం నా వాదన కొట్టుకుపోతుంది, దాంతోపాటే జబీనా.

మస్తాన్‌బీ వేలిముద్ర


విజయవాడ,
27 మే 2025

పెద్దవ్వకు సాహిరా సలాం.

అవ్వా, నువ్వు గెలిచావు. గాలిబీబీ ఒడ్డుకు వస్తుంది.

నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి చివరి అధ్యాయం ముట్టుకుంటే పెద్దతాత వేలు నాలుక మీద పెట్టుకోవడమే కళ్ళ ముందు కనిపించింది. ప్రెస్సు వాళ్ళను బతిమాలి ఆపించాను. ఎనిమిది రోజులు తలుపు వేసుకుని కొత్తగా రాశాను. ఈ రోజే ప్రింటింగుకు ఇచ్చేశాను. ఎట్లా వచ్చిందో చెప్పను, చదివించుకో. మందుల సంచీ, చాపా ఇక కట్టొద్దు.

ఫోను ఆపేసి వారం రోజులు నిద్రపోతాను.

నీ సాహిరా


జువ్వలదిన్నె,
1 జూన్ 2025

సాహిరాకు.

మళ్ళీ ముంచు.

నీ ఉత్తరమూ నా ఉత్తరమూ దారిలో ఒకదాన్నొకటి చూసుకుని పోయినట్టున్నాయి. జబీనా చేత ఫోన్ చేయిస్తే ఎవరో ఆడమనిషి నువ్వు అందుబాటులో లేవని రెండు మూడు భాషల్లో చెప్పింది. ఆమెకు నా దావా అంతా వివరించాను, పెట్టేసింది.

నేను అడిగినప్పుడు రాయనన్నావు, వద్దన్నప్పుడు రాసి కూర్చున్నావు. సందేహం లేదు, నువ్వు మా చెల్లెలి మనవరాలివే. షెడ్డులో అందరూ రెండో భాగం కోసం కాచుకుని ఉన్నారు. పడవ మునగాలి. వెంటనే ప్రెస్సుకు పో.

మస్తాన్‌బీ వేలిముద్ర


విజయవాడ,
7 జూన్ 2025

పెద్దవ్వకు సాహిరా సలాం.

నిద్ర లేచాక ప్రెస్సు పనిలో పడి, నీ రెండు ఉత్తరాలూ ఒకేసారి చూశాను. అప్పటికే పుస్తకాలు అట్టలు వేసి కట్టలు కట్టేశారు. ఇక నేనేమీ చెయ్యలేను. మొదటి కట్టలోంచి ఒక కాపీ ఈ ఉత్తరంతో పంపుతున్నాను. నన్ను తిట్టే ముందు చివరి అధ్యాయం చదివించుకో.

ఒక్కమాట మాత్రం ముందే చెబుతాను. పడవను ఊరికే ఇంటికి తేవాలని ఎంతో చూశాను. గాలి తగ్గించాను, వేరే ఓడ చేత లాగించాను. ఏది రాసినా పడవ నా మాట వినలేదు. చివరికి నీ ఉత్తరం ముందు పెట్టుకున్నాను. బాషా మేస్త్రికి ఒక కూతురిని పుట్టించాను. పెళ్ళి కాని పిల్ల, నాన్న జ్వరంలో ఉండగా మొదటి రోజు చేసినవాళ్ళెవరూ ఎక్కలేదన్న గుబులుతో, తుఫాను ప్రయాణం రోజు వలల కింద దాక్కుని పడవ ఎక్కేస్తుంది. దొంగల ఓడ మునిగిపోయాక గాలిబీబీ అడుగున కూడా నీళ్ళు చేరతాయి. యాసీన్ మనుషులు దూకబోతారు. ఆ పిల్ల బయటికి వచ్చి వేలు ముంచి రుచి చూస్తుంది. వాననీళ్ళు, ఎవరూ దూకొద్దు, తోడండి అంటుంది.

నీ వాదన నిలబడుతుందో లేదో నువ్వే చెప్పాలి. సముద్రం మీద ఇన్ని పుస్తకాలు రాశాను కానీ కృష్ణలో లాంచీ ఎక్కితేనే నాకు వాంతులవుతాయి. ఈ సంగతి షెడ్డులో చదవొద్దు సార్.

నీ సాహిరా


జువ్వలదిన్నె,
16 జూన్ 2025

మా సాహిరాకు పెద్దవ్వ మస్తాన్‌బీ సలాములు.

నీ పుస్తకం వచ్చిన రోజే చదివించాను. లాంచీ సంగతి కూడా చదివించాను. చాలా నవ్వారు.

చివరి అధ్యాయం చదువుతుంటే వలల కింద నుంచి ఆ పిల్ల లేచి వచ్చే చోట చెంచమ్మ జబీనా వైపు తిరిగి కూర్చుంది. తుఫానులో అలలు లోపలికి కొడతాయి కదా, అడుగు నీళ్ళు చప్పగా ఎట్లా ఉంటాయని ఓబయ్య అనబోయాడు. చెంచమ్మ ఆయన్ను నోరు మూసుకుని వినమంది. అయినా ఓబయ్యది సరైన మాటే, మూడో భాగానికి పనికొస్తుంది. మేస్త్రి కూతురు ఎక్కబట్టే పడవ వచ్చిందని అందరికీ అర్థమైంది. నా వాదన నిలబడింది. ముంచినా నిలబడింది, తేల్చినా నిలబడింది. అంటే అది మంచి వాదనే.

నిన్న తెల్లవారి గాలిబీబీని నీళ్ళకు దించారు. జబీనా ఎక్కి అడుగున కూర్చుంది. నేనూ ఎక్కాను. ఒకరిద్దరు ఏదో అనబోయి, నా మొహం చూసి ఊరుకున్నారు. సముద్రం పళ్ళెంలో నీళ్ళలా ఉంది. రేవు దాటి, ఒడ్డున చెట్లు సన్నగీతలా కనిపించేంత దూరం పోయాక పెంచలకృష్ణ కాళ్ళ దగ్గరికి వంగి చూశాడు. వెనక, ఇంజను దగ్గర, అడుగు బల్లల సందులో నీళ్ళు కదులుతున్నాయి. తెల్లగా, మసకగా, రేవులో నీళ్ళలాగే ఉన్నాయి.

అందరూ పుస్తకం విన్నవాళ్ళే. అందరూ జబీనాను చూశారు. నేను మాత్రం సముద్రం వైపు చూశాను. తల్లిని కదా.

జబీనా బల్ల ఎత్తి వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది.

"ఉప్పుంది" అంది.

పెంచలకృష్ణ చుక్కాని వదిలేశాడు. నిజం చెబుతున్నాను, నేను పడవ అంచు పట్టుకున్నాను. పుస్తకంలో చప్పగా ఉంటుంది. మీ పెద్దతాత ఉన్నప్పుడూ చప్పగానే ఉంది. ఇప్పుడు నేను ఏం వాదించను?

జబీనా మళ్ళీ వేలు ముంచింది. మళ్ళీ నాలుక మీద పెట్టుకుంది. ఈసారి తొందరపడలేదు, కళ్ళు మూసుకుంది. వాళ్ళ నాయన కూడా అట్లాగే మూసుకునేవాడు.

"పులుపు గూడా ఉండాది. ఓబయ్య మామా, నీ చద్దికారియర్ మూత ఊడింది" అంది.

ఓబయ్య ఇంజను వెనక తడుముకుని చూసుకున్నాడు. కారియర్ ఒరిగిపోయి ఉంది. చద్దినీళ్ళన్నీ గాలిబీబీ తాగేసింది. అడుగంతా తుడిచి ఎండబెట్టి, ఎండెక్కేదాకా తిరిగాము. మళ్ళీ ఒక్క చుక్క కనిపించలేదు. పెంచలకృష్ణ నవ్వడం మొదలుపెట్టి రేవుకు వచ్చేదాకా ఆపలేదు. ఒడ్డున దిగగానే వాళ్ళ తమ్ముడికి కూడా ఒక పడవ కావాలని జబీనాతో అన్నాడు. అది వెంటనే ఒప్పుకోలేదు. "చూద్దాంలే అన్నా" అంది.

కాబట్టి నా దావా నేనే కొట్టేసుకుంటున్నాను. కానీ నీ మీద ఇంకొకటి వేస్తున్నాను. పడవ చేసినవాళ్ళు ఎక్కాలి. ఈ గాలిబీబీని జబీనా ఎంత చేసిందో నువ్వూ అంతే చేశావు, నువ్వు మాత్రం ఒడ్డునే ఉన్నావు. వాంతులైతే సముద్రం పెద్దదే, ఏమీ అనుకోదు. జబీనా పక్కన అడుగున నీ చోటు అట్టిపెట్టించాను. కారియర్ మూత తాడుతో కట్టుకోమని ఓబయ్యకు కూడా చెప్పాను.

మస్తాన్‌బీ వేలిముద్ర